సాపడ్లే నాహీ

ఫిబ్రవరిల ధర్మాబాద్ అంతా మిర్చి ఘాటే.
తుమ్ముకుంటనే తలుపు తీస్తం, తుమ్ముకుంటనే వేస్తం.
ముందటింట్ల కంప్యూటరు మీద పాత తువ్వాల కప్పి ఉంటది
దానిక్కూడా తుమ్ములొస్తయన్నట్టు.

ఆ పొద్దు తువ్వాల తీసిన.
నలభై రెండు బస్తాలు.
ఒక్కోటి నలభై కిలోలకు పావు తక్కువ.
క్వింటాలుకు పద్నాలుగు వేలు. హమాలీ లెక్క అవతల.
రైతు గడప మీద కూసున్నడు,
బిలోలి దిక్కు మనిషి, కనుబొమ్మల మీద ఎర్ర దుమ్ము,
నీళ్లిస్తే తాగలేదు, చెంబు పక్కన పెట్టుకున్నడు.

కాలిక్యులేటర్ లేదు.
రోజూ ఉండే జాగల లేదు.
పన్నూడిన చోటికి నాలిక పోయినట్టు
బాణం మళ్ల మళ్ల ఆడికే పోతున్నది.

వెతికే పెట్టెల పేరు కొట్టిన.
ఈ మిషన్‌ల మరాఠీ పెట్టిచ్చింది మా ఆయన,
ఇద్దరం ఆ బడిలనే చదివినం గదా అని.
అది మరాఠీలనే జవాబిచ్చింది: సాపడ్లే నాహీ.
దొరకలేదు.
తెలుగుల చెప్తే ఇంకింత మంటయ్యేదేమో.

ఓంకార్ గాడు తలుపెనుక నుంచి ఒప్పుకున్నడు.
ఆటకు జాగ చాలక
ఎవ్వలు వాడనియి తుడిచిండట మొన్న రాత్రి.
"దీన్ని ఎవ్వలు వాడరని నీకెవలు చెప్పిన్రు రా?"
"ఫోన్ల ఉంటది గదా చిన్నమ్మా."
ఫోనేమో మా ఆయన జేబుల,
ఆయనేమో బాసర గేటు అవతల.

కంటికి పచ్చగుడ్డ కట్టుకొని
మూలకు తొడిమెలు తెంపుతున్నది మానెమ్మత్త.
ఆపరేషనయ్యి ఆరు దినాలు. తెర చూడొద్దన్నడు డాక్టరు.
చూడకుంటనే అడిగింది, "ఎన్ని బస్తాలు?"
చెప్పిన.
పెదవులు కదిలినయి. ఏక్ పావ్ పావ్, బే పావ్ అర్ధా,
తీన్ పావ్ పావుణ్...
ఐదో తరగతి దాక పోయిన బడి
ఆమె నోట్లె ఇంకా గంట కొడుతున్నది.
నలభై రెండు పావులు సాడే దహా, అన్నది.
పదహారు వందల ఎనభైల నుంచి అది తీసెయ్యి, అన్నది.
తొడిమె తెంపింది.
"రెండు లక్షల ముప్పై మూడు వేల ఏడు వందల ముప్పై."

నేను నమ్మలేదు.
రైతు ముఖం చూసిన. ఆయన చెంబు దిక్కు చూస్తున్నడు.

క్యాలెండర్ మార్చి నెల కాగితం ఎనుక
నాందేడ్ దత్తా రాసిపోయిన వాక్యం ఉన్నది.
నల్ల కిటికీ తెరిచి ఒక్కో అక్షరం చూసి కొట్టిన.
ఈ మిషన్ తన సామాన్లకు జోడు దాచుకుంటదట,
పోయినదేదో అదే ఎతుక్కొని అదే పెట్టుకుంటదట.
పన్నెండు శాతం. ముప్పై నాలుగు.
ముప్పై నాలుగు కాడ ఆగింది.
ఉల్లిగడ్డలు తరిగిన, కదల్లేదు.
పొయ్యి మీద పప్పు పెట్టిన, కదల్లేదు.
లైటు ఒక్కసారి మిణుకుమంటే
ఇంటిదేవున్ని కాదు, కరెంటాఫీసు లైన్‌మన్‌ని మొక్కిన.
మళ్ల ఉరికింది. వంద.
పాడైనయి దొరికినయట, బాగు చేసిందట.

బూడిద రంగు గీతలు, బటన్లు,
మీద ఒక్కటే సున్నా.
ఇంత తిప్పలు పడి వస్తే అది చెప్పిన మొదటి మాట సున్నా.
అంకెలు కొట్టిన.
రెండు, మూడు, మూడు, ఏడు, మూడు, సున్నా.

ఎవ్వలం ఏమనలేదు.
రైతే లేచి దుమ్ము దులుపుకున్నడు.
"ట్రాక్టర్ మీదనే గింతే అనుకున్న.
మీరెంత చెప్తరో సూద్దామని కూసున్న."
అప్పుడు తాగిండు నీళ్లు.
నోట్లు లెక్కపెట్టెటందుకు వేలు నాలికకు తాకిచ్చిండు,
మిర్చి వేలు,
ఎంటనే ఇంకో చెంబు అడిగిండు.

ఆయన పోయినంక
దాని బొమ్మ తెర మీదికి తెచ్చి పెట్టిన, నడిమిట్ల.
పేరు మార్చిన. ఈ మిషన్‌కు తెలుగు అక్షరాలు రావు,
నాగరిలనే రాసిన: అత్తా.

రాత్రికి మా ఆయనొచ్చి తువ్వాల తీసి
మరాఠీల చదివిండు.
"ఆత్తా? ఇప్పుడా?
ఇప్పుడేం చెయ్యాలె?"